పదపఠనం – ప్రజ్ఞామాపనం

పాఠ్యభాగ ఉద్దేశం

వైద్యశాలల్లో రోగి మేధాశక్తిని అంచనా వేయడానికి కొన్ని పదాలను పైకి చదివించే చిన్న పరీక్షలు వాడుకలో ఉన్నాయి. అవి ఎందుకు పుట్టాయో, ఏ సూత్రం మీద నడుస్తాయో, భాషకూ లిపికీ మనస్సుకూ గల సంబంధాన్ని అవి ఎట్లా వెల్లడిస్తాయో, ఎక్కడ పొరపాటుకు దారితీస్తాయో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

జ్వరంతో వచ్చిన రోగి నోట వైద్యుడు ఉష్ణమాపకం పెట్టి చూస్తాడు. అది 102 డిగ్రీలు చూపితే జ్వరం ఉన్నదని నిశ్చయిస్తాడు. ఆరోగ్యవంతుని దేహోష్ణం ఎంత ఉండాలో ముందే తెలిసి ఉండటమే ఆ నిశ్చయానికి ఆధారం. ధనికుడైనా దరిద్రుడైనా, పండితుడైనా పామరుడైనా ఆ ప్రమాణం ఇంచుమించు ఒక్కటే. మేధాశక్తి విషయంలో ఈ సౌకర్యం లేదు. ఒకరికి సహజమైన స్థాయి మరొకరికి పతనం కావచ్చు. ఒకరికి పతనమని తోచేది మరొకరికి సహజస్థితి కావచ్చు.

అరవై ఎనిమిదేళ్ల విశ్రాంత గ్రంథపాలకుడొకరు లండన్ నగరంలోని ఒక వైద్యశాలకు వచ్చాడనుకుందాం. ఈమధ్య మతిమరుపు ఎక్కువైందనీ, నిన్న చదివిన పుస్తకం నేడు గుర్తుండటం లేదనీ ఆయన బాధ. మనస్తత్వ నిపుణుడు పరీక్షలన్నీ జరిపి ఆయన ప్రజ్ఞాలబ్ధి 98 అని తేల్చాడు. ప్రజ్ఞాలబ్ధికి సగటు 100. అమెరికాకు చెందిన డేవిడ్ వెక్స్లర్ 1955లో వెలువరించిన వయోజన ప్రజ్ఞామాపనిలోనూ, దాని తరువాతి రూపాలలోనూ సగటును 100గా, ప్రామాణిక విచలనాన్ని 15గా స్థిరపరచారు. అంటే జనంలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మంది 85కు, 115కు మధ్య ఉంటారు. ఆ లెక్కన 98 అనే అంకెలో కలవరపడవలసినదేమీ లేదు. కాని ఆ గ్రంథపాలకుని ప్రజ్ఞాలబ్ధి పదేళ్ల క్రితం 120 అయి ఉంటే? అప్పుడు ఈ 98 ఒక పెద్ద నష్టానికి సాక్ష్యం. అంకె మారలేదు, దాని అర్థం పూర్తిగా మారిపోయింది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. రోగం రాకముందు ఆయనను ఎవరూ పరీక్షించలేదు. ఏమీ బాధలేని మనిషి తన ప్రజ్ఞను కొలవమని ఏ వైద్యుని వద్దకూ వెళ్లడు కదా! కనుక చూడని గతాన్ని వర్తమానంలో మిగిలిన ఆనవాళ్లను బట్టి ఊహించవలసి వస్తుంది. శిథిలాలను చూసి కోట ఎత్తును లెక్కగట్టే పురాతత్త్వజ్ఞుని పని ఇటువంటిదే.

గతాన్ని ఊహించడానికి మొదట తోచే మార్గం చదువు, ఉద్యోగం. పట్టభద్రుడైతే ఇంత, కూలివాడైతే ఇంత అని అంచనా వేయవచ్చు. ఈ పద్ధతిలో కొంత నిజం లేకపోలేదు. నేటికీ నిపుణులు దీనిని తోడుగా వాడుతున్నారు. అయితే దీనినే నమ్ముకుంటే అన్యాయం జరుగుతుంది. పేదరికం వల్ల పధ్నాలుగో ఏట బడి మాని, పని ముగిశాక పౌరగ్రంథాలయంలో కూర్చుండి చదువుకొన్న కార్మికులు ఏ దేశంలోనైనా ఉన్నారు. వారి చేతిలో పట్టా లేదు, తలలో విద్య ఉన్నది. పట్టాను మాత్రమే చూసే వైద్యుడు అట్టివారిలో వ్యాధి తెచ్చిన నష్టాన్ని గుర్తించలేడు. 'మొదటి నుంచీ ఇంతే' అనుకొని పంపివేస్తాడు. బంధువులను అడిగితే తెలియదా అంటే, ప్రేమ ఒక వైపుకూ విసుగు మరొక వైపుకూ తూకాన్ని లాగుతాయి.

ఇక రెండవ మార్గం. వ్యాధి మనస్సులోని శక్తులన్నింటినీ ఒకేసారి దెబ్బతీయదు. కొన్ని తొలినాళ్లలోనే సడలుతాయి, కొన్ని చాలాకాలం నిలుస్తాయి. కొడుకు పేరు తడుముకొనే వృద్ధురాలు చిన్ననాట నేర్చిన శతకపద్యాన్ని ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పడం మన ఇళ్లలో కొత్త విషయం కాదు. 1930లోనే అమెరికాకు చెందిన హ్యారియట్ బాబ్కాక్ ఈ భేదాన్ని కొలతకు అనువుగా మలచుకొన్నది. మానసిక క్షీణత కలిగినవారిలో కొత్త విషయాలను నేర్చుకొనే శక్తి తగ్గినా పదసంపద అంతగా తగ్గదని గమనించి, పదసంపదను పూర్వస్థితికి గుర్తుగా తీసుకోవచ్చునని ప్రతిపాదించింది. 1940లలో రేమండ్ కాటెల్ ప్రజ్ఞను రెండు విధాలుగా విభజించాడు. అప్పటికప్పుడు ఎదురైన చిక్కును విడదీసే శక్తి ద్రవప్రజ్ఞ; ఏళ్ల తరబడి నేర్చినదంతా గట్టిపడి నిలిచినది స్ఫటికీకృత ప్రజ్ఞ. నదిలో నీరు ఎండినా ఇసుకమీద ప్రవాహపు గుర్తులు మిగిలినట్లు, మొదటిది తగ్గినా రెండవది చాలాకాలం నిలిచి ఉంటుంది.

పదసంపదను పరీక్షించాలంటే పదానికి అర్థం చెప్పమనాలి. అర్థం చెప్పడం తేలికైన పని కాదు. తెలిసినదానిని వాక్యంగా కూర్చాలి, పోల్చాలి, వేరు చేయాలి. మెదడు అలసినవానికి అర్థం తెలిసినా మాట కూడిరాదు. లండన్‌లోని క్వీన్ స్క్వేర్‌లో నాడీవ్యాధులకు పేరుపొందిన జాతీయ వైద్యశాల ఉన్నది. హేజెల్ నెల్సన్ అక్కడ పనిచేసిన మనస్తత్వ నిపుణురాలు. ఆమె, మెకెన్నా కలిసి 1975లో ఒక పరిశీలనను ప్రకటించారు. చిత్తవైకల్యం సోకినవారిలో పదాలకు అర్థం చెప్పే శక్తి కంటె పదాలను పైకి చదివే శక్తి మెరుగ్గా నిలిచి ఉంటున్నదని దాని సారాంశం.

మరి ఏ పదాలను చదివించాలి? ఇక్కడ ఇంగ్లీషు భాష స్వభావం అక్కరకు వచ్చింది. ఇంగ్లీషులో రాతకూ పలుకుకూ పొంతన తక్కువ. మన విద్యార్థులకు ఈ బాధ బాగా తెలిసినదే. డి, ఇ, బి, టి అని రాసి 'డెట్' అని పలకాలి. నడుమనున్న 'బి' ఎందుకున్నదని అడగరాదు. ఎ, సి, హెచ్, ఇ అని రాసినదానిని 'ఏక్' అనాలి. ఎ, ఐ, ఎస్, ఎల్, ఇ అని రాసినది 'ఐల్' అవుతుంది. ఇటువంటి నియమం తప్పిన పదాన్ని మునుపెన్నడూ వినని, చదవని మనిషి అక్షరాలు కూడబలుక్కొని చదివితే తప్పక తప్పు పలుకుతాడు. సరిగా పలికాడంటే ఆ పదంతో అతనికి పూర్వపరిచయం ఉన్నదని అర్థం. అది ఊహించి చెప్పగలిగేది కాదు, తర్కించి తేల్చగలిగేదీ కాదు. అప్పటికప్పుడు ఆలోచించే అవసరం లేకపోవడమే ఈ పరీక్షకు బలం. ఎందుకంటే వ్యాధి ముందుగా దెబ్బతీసేది ఆ ఆలోచనాశక్తినే.

నెల్సన్ ఇటువంటి యాభై పదాలను ఏర్చి, సులభమైనవాటి నుండి అరుదైనవాటి వరకు ఒక క్రమంలో అమర్చింది. 1978లో పరిశోధనగా వెలువడిన ఈ పరీక్ష 1982లో 'నేషనల్ అడల్ట్ రీడింగ్ టెస్ట్' పేరుతో ప్రచురితమైంది. క్లుప్తంగా 'నార్ట్' అంటారు. దీనిని జరిపే తీరు చూస్తే ఇదేమి పరీక్ష అనిపిస్తుంది. రోగి చేతికి ఒక కాగితం ఇస్తారు. పై నుండి కిందికి ఒక్కొక్క పదాన్ని పైకి చదవమంటారు. అర్థం అడగరు. తొందర పెట్టరు. తెలియని పదాన్ని కూడా తోచినట్లు పలకమంటారు. అంతా కొద్ది నిమిషాల పని. పరీక్షకుడు తప్పులను లెక్కపెట్టి ఒక చిన్న లెక్క చేస్తాడు. 1991లో సవరించిన సూత్రం ప్రకారం తప్పుల సంఖ్యను 1.24తో గుణించి, ఆ లబ్ధాన్ని 130.6 నుండి తీసివేయాలి. వచ్చినది వ్యాధికి పూర్వం ఉండదగిన ప్రజ్ఞాలబ్ధి.

మన గ్రంథపాలకుడు యాభై పదాలలో ఎనిమిది మాత్రమే తప్పు చదివాడనుకుందాం. లెక్క వేస్తే ఆయన పూర్వపు ప్రజ్ఞాలబ్ధి సుమారు 121. ఇప్పటిది 98. నడుమ ఉన్న ఇరవైమూడు అంకెల అంతరం వైద్యుని మేల్కొల్పుతుంది. మెదడును మరింత లోతుగా పరీక్షించమంటుంది. అదే రోజున ఒక కర్మాగార కార్మికుడు వచ్చాడనుకుందాం. అతని నేటి ప్రజ్ఞాలబ్ధి 90. గ్రంథపాలకుని కంటె తక్కువ. కాని అతడు ముప్పై రెండు పదాలు తప్పు చదివాడు. లెక్క ప్రకారం అతని పూర్వస్థితి సుమారు 91. అతడు పోగొట్టుకొన్నది దాదాపు ఏమీ లేదు. నేటి అంకెలను మాత్రమే చూసేవాడు కార్మికునికి వ్యాధి అంటగట్టి, గ్రంథపాలకుని ఆరోగ్యవంతుడని ఇంటికి పంపి ఉండేవాడు.

ఇంతవరకు చెప్పినది ఊహ. ముసలితనంలో పదాలు చదివిన తీరును బట్టి బాల్యంలోని ప్రజ్ఞను చెప్పవచ్చునని రుజువు చేయడం ఎట్లా? బాల్యంలో పరీక్షించిన పిల్లలు వృద్ధులయ్యే వరకు ఎవరు వేచి ఉంటారు? ఆశ్చర్యకరంగా ఆ అవకాశం స్కాట్లండ్‌లో లభించింది. 1932 జూన్ 1వ తేదీన ఆ దేశంలో 1921లో పుట్టి బడులలో చదువుతున్న పిల్లలందరికీ ఇంచుమించు ఒకేసారి ఒక మేధాపరీక్ష పెట్టారు. ఆ రోజు పరీక్ష రాసిన పిల్లలు 87,498 మంది. ఒక దేశం తన పదకొండేళ్ల పిల్లలనందరినీ ఒకేనాడు పరీక్షించడం అప్పటికి కనీవినీ ఎరుగని విషయం. ఆ పిల్లలు పెద్దవారై, యుద్ధాన్ని చూసి, సంసారాలు చేసి, వార్ధక్యానికి చేరుకొన్నారు. మార్కుల పుస్తకాలు మాత్రం భద్రంగా మిగిలి ఉన్నాయి. 1990ల చివర ఇయాన్ డియరీ, లారెన్స్ వాలీ మొదలైన పరిశోధకులు వాటిని వెలికి తెచ్చారు. సరిగ్గా అరవై ఆరేళ్ల తరువాత, 1998 జూన్ 1న, అబర్డీన్ నగరంలోని ఒక సభామందిరంలో ఆనాటి పిల్లలలో కొందరు అదే ప్రశ్నపత్రాన్ని మళ్లీ రాశారు. డెబ్బై ఏడేళ్ల వయసులో, కళ్లద్దాలు సవరించుకొంటూ, ఐదో తరగతి నాటి పరీక్షకు మళ్లీ కూర్చున్న ఆ వృద్ధులను తలచుకొంటే మనస్సు ఆర్ద్రమవుతుంది.

ఆ తరంవారి చేతనే నార్ట్ పదాలను కూడా చదివించారు. 2001లో జాన్ క్రాఫర్డ్, డియరీ తదితరులు ఆ ఫలితాలను ప్రకటించారు. డెబ్బై ఏడో ఏట పదాలు చదివిన తీరుకూ, పదకొండో ఏట వచ్చిన మార్కులకూ సహసంబంధ గుణకం 0.73గా తేలింది. ఈ గుణకం 1 అయితే సంపూర్ణ సంబంధం, 0 అయితే అసలు లేనట్లు. అరవై ఆరేళ్ల కాలవ్యవధిని దాటి ఇంత గట్టి బంధం నిలవడం అసామాన్యం. 2004లో వెలువడిన మరొక పరిశీలనలో, అదే తరంలో చిత్తవైకల్యం సోకినవారిని కూడా చేర్చి చూశారు. బాల్యపు మేధను లెక్కలోకి తీసుకొన్న తరువాత, వ్యాధి ఉన్నవారికీ లేనివారికీ పదపఠనంలో చెప్పుకోదగిన భేదం కనబడలేదు. వ్యాధి తొలిదశలోను, మధ్యస్థంగాను ఉన్నప్పటి మాట ఇది. ముదిరితే పదపఠనమూ సడలుతుంది.

సాధనం మంచిదైనంత మాత్రాన అన్ని చోట్లా పనికిరాదు. మొదటిది, కొలబద్దకే హద్దులున్నాయి. పదాలన్నీ సరిగా చదివినా లెక్క 131ని దాటదు. అన్నీ తప్పైనా 69కి దిగదు. కనుక మహామేధావిని అది తక్కువ చేసి చూపుతుంది. అంచనా ఎప్పుడూ అంచనాయే. పలువురి సగటుకు సరిపోయిన లెక్క ఒక్క మనిషి విషయంలో పది అంకెలు అటూ ఇటూ పోవచ్చు. రెండవది, చిన్ననాటి నుండి చదవడంలోనే ఇబ్బంది ఉన్నవారు కొందరుంటారు. వారు మేధావంతులైనా పదాలను తప్పు చదువుతారు. మూడవది మరీ విచిత్రం. అర్థాల భాండాగారమే క్రమంగా కరిగిపోయే చిత్తవైకల్యం ఒకటున్నది. ఆ వ్యాధిగ్రస్తుడు నియమబద్ధమైన పదాలను చక్కగా చదువుతాడు, నియమం తప్పిన పదాలను మాత్రం అక్షరాలను బట్టి పలుకుతాడు. 'పైంట్' అని పలకవలసినదానిని 'మింట్'తో జత కలిపి 'పింట్' అంటాడు. అట్టివానికి ఈ పరీక్ష పెడితే గతాన్ని చూపవలసిన అద్దం వర్తమాన వ్యాధినే చూపుతుంది. వైద్యుడు ఆ ఫలితాన్ని పూర్వస్థితిగా నమ్మితే జరిగిన నష్టమంతా లెక్కకు రాకుండా పోతుంది.

నాలుగవది లోతైన ప్రశ్న. పదాలను సరిగా చదవడం ప్రజ్ఞకు గుర్తా, బడికి గుర్తా? అమెరికాలో ఉత్తర మన్‌హటన్‌లోని వృద్ధులను పరిశీలించిన జెన్నిఫర్ మాన్లీ, ఆమె సహచరులు 2002లో ఒక ముఖ్యవిషయాన్ని బయటపెట్టారు. జ్ఞాపకశక్తి మొదలైన పరీక్షలలో నల్లజాతి వృద్ధులకు తెల్లజాతి వృద్ధుల కంటె తక్కువ మార్కులు వస్తుండేవి. ఇరువర్గాలూ చదివిన సంవత్సరాల సంఖ్య సమానమైనా ఆ తేడా పోలేదు. పదపఠనంలోని స్థాయిని లెక్కలోకి తీసుకొన్నప్పుడు మాత్రం ఆ తేడా చాలావరకు తగ్గింది. వర్ణవివక్ష నాటి బడులలో ఒక సంవత్సరం చదువు అందరికీ ఒకే చదువు కాదు. ఉపాధ్యాయులు తక్కువ, పుస్తకాలు తక్కువ, పనిదినాలూ తక్కువ. సంవత్సరాల లెక్క దాచిన ఆ అన్యాయాన్ని పదపఠనం బయటపెట్టింది. కాబట్టి ఈ పరీక్షలో వచ్చిన అంకెను ఒక మనిషి పుట్టుకతో తెచ్చుకొన్న తెలివికి ముద్రగా వేయడం శాస్త్రం ఒప్పని పని. ఆ మనిషికి సమాజం ఇచ్చినదీ ఇవ్వనిదీ ఆ అంకెలో కలిసి ఉంటుంది.

నార్ట్ తరువాత దాని సంతతి పెరిగింది. ఉత్తర అమెరికా ఉచ్చారణకు తగినట్లు 1989లో అరవై ఒక్క పదాల జాబితా వచ్చింది. 2001లో వెక్స్లర్ పేరిట యాభై పదాల పరీక్ష, 2009లో డెబ్బై పదాల పరీక్ష వచ్చాయి. ఇవన్నీ ఇంగ్లీషువే. ఇతర భాషలవారు దీనిని అనువదించుకోలేకపోయారు. పదాలను అనువదించవచ్చు, లిపిలోని వైపరీత్యాన్ని అనువదించడం ఎట్లా? స్పానిష్ భాషలో రాసినది రాసినట్లే చదువుతారు. అందుకని 1997లో అక్కడి పరిశోధకులు వేరొక ఉపాయం పన్నారు. పదంలో ఏ అక్షరాన్ని ఊది పలకాలో తెలిపే గుర్తులను తొలగించి, ముప్పై అరుదైన పదాలను చదవమన్నారు. పదం తెలిసినవాడు ఊనిక సరిగా వేస్తాడు, తెలియనివాడు తప్పుతాడు. ఇటాలియన్ వారూ ఊనికనే ఆశ్రయించారు. జపాన్‌వారికి ఈ శ్రమ లేదు. చీనా నుండి వచ్చిన కంజి లిపిలో ఒకే గుర్తు సందర్భాన్ని బట్టి వేర్వేరుగా పలుకుతుంది. 2006లో వారు కంజి సమాసపదాలతో తమ పరీక్షను రూపొందించుకొన్నారు.

మరి తెలుగు మాట ఏమిటి? తెలుగు లిపి ఈ పరీక్షకు లొంగదు. అక్షరమాల, గుణింతం, ఒత్తులు వచ్చిన పిల్లవాడు తాను జన్మలో వినని పదాన్ని కూడా సరిగా చదవగలడు. ప్రబంధంలోని దీర్ఘసమాసాన్ని విద్యార్థి గడగడ చదివి, అర్థం చెప్పమన్నప్పుడు కిటికీ వైపు చూడటం తెలుగు అధ్యాపకులందరికీ నిత్యానుభవం. రాతకూ పలుకుకూ తేడాలు మనకూ కొన్ని ఉన్నాయి. 'చిహ్నం' అన్నచోట హకారం ముందు రాసి నకారం ముందు పలుకుతాము. 'చలి'లోని చకారం దంత్యం, 'చక్రం'లోని చకారం తాలవ్యం. రాతలో రెండూ ఒక్కటే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఈ భేదానికి సూత్రాలు చెప్పాడు. కాని చలిని చలిగా పలకడానికి బాలవ్యాకరణం చదవనక్కరలేదు. బడి ముఖం చూడని పల్లెటూరి తల్లి తప్పు లేకుండా పలుకుతుంది. చదువుకొన్నవానినీ చదువుకోనివానినీ వేరు చేయని తేడా ఈ పరీక్షకు పనికిరాదు. పదవిభజన కొంత ఆశ కల్పిస్తుంది. పూర్వపు తాళపత్రాలలో పదాల నడుమ ఎడం ఉండేది కాదు. విరుపు తెలిసినవాడే పద్యాన్ని చదవగలిగేవాడు. 'వానరాక'లో చదువరికి వాన రాక కనబడుతుంది, తొందరపాటువానికి వానరం కనబడుతుంది. ఎడం లేకుండా రాసిన వాక్యాన్ని విరిచి చదవడం పూర్వవిద్యకు గుర్తు కాగలదేమో మనస్తత్వ శాస్త్రజ్ఞులూ భాషాశాస్త్రజ్ఞులూ కలిసి పరిశీలింపదగినది. లిపి సరళంగా ఉండటం భాషకు మేలే. ఇంగ్లీషు పిల్లలు ఏళ్ల తరబడి పడే అవస్థ మన పిల్లలకు లేదు. ఆ అవస్థయే వారి వైద్యులకు ఒక సాధనమైంది.

ఇంగ్లీషు చదివిన తెలుగువారికి ఇంగ్లీషు పరీక్షనే పెట్టవచ్చు కదా అనే సందేహం కలుగుతుంది. తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లీషును పుస్తకంలోనే చూసిన ఉపాధ్యాయుడు ఆ పదాల అర్థం ఎరిగి కూడా పలుకుబడిలో తప్పుతాడు. ఆయన తప్పులు ఆయన మేధను చెప్పవు, ఆయన చెవిన ఏ భాష పడిందో చెబుతాయి. విదేశాలలో స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్లిన మన వృద్ధులకు అక్కడి వైద్యశాలల్లో ఈ పరీక్ష పెడితే, లెక్క తక్కువగా వచ్చి, ఉన్న నష్టం కనబడకుండా పోయే ప్రమాదం ఉన్నది. అటువంటప్పుడు వెంట వెళ్లిన కుమారుడో కుమార్తెయో తమ తండ్రి ఏ భాషలో చదివాడో, ఏ పని చేశాడో వైద్యునికి ముందుగానే చెప్పడం మంచిది.

అసలు అక్షరమే రాని వారి సంగతి వేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67.02 శాతం, స్త్రీలలో 59.15 శాతం. వృద్ధ స్త్రీలలో చదవలేనివారు ఎందరో ఉన్నారు. అక్షరం రాకపోవడం బుద్ధి లేకపోవడం కాదని మన దేశ శాస్త్రజ్ఞులు ముందుగానే గుర్తించారు. 1955లో సి. ఎం. భాటియా దిమ్మెలు పేర్చడం, బొమ్మలు కూర్చడం వంటి పనులతో ఒక పరీక్షామాలను తయారుచేశాడు. కాని అది నేటి శక్తిని కొలుస్తుంది, నిన్నటి శక్తిని చెప్పదు. 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో పరిశోధకులు మరొక దారి పట్టారు. వృద్ధులు ఇంట్లో రోజువారీ పనులు ఎట్లా చేసుకొంటున్నారో కుటుంబసభ్యులను అడిగి తెలుసుకొనే ప్రశ్నావళిని రూపొందించారు.

హైదరాబాద్‌లోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చిత్తవైకల్యం సోకిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకటి కంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. అక్షరం రానివారిలోనూ ఈ భేదం కనబడింది. ఇంట తెలుగు, వీధిలో ఉర్దూ మాట్లాడే ఆ నగరపు నిరక్షరాస్యుల మెదళ్లలో ఏ బడీ ఇవ్వని అభ్యాసం పేరుకొని ఉన్నదన్నమాట. యాభై పదాల కాగితం దానిని చూడలేదు. భారత వైద్య పరిశోధన మండలి పూనికతో తెలుగుతో సహా ఐదు భారతీయ భాషలలో మేధాపరీక్షల సంపుటి తయారైంది కనుక నేటి స్థితిని కొలవడం ఇప్పుడు కొంత సులువైంది. గతాన్ని తెలుసుకోవడానికి మాత్రం తెలుగునాట వైద్యుడు ఇంటివారినే అడగాలి. 'అమ్మకు మతిమరుపా?' అని అడిగితే చాలదు. సంతలో చిల్లర లెక్క ఎవరు చూసేవారు, చీటీపాట ఎవరు నడిపేవారు, పెళ్లి వంటకు బియ్యం ఎంత పొయ్యాలో ఎవరిని అడిగేవారు, ఎన్ని పాటలు నోటికి వచ్చేవి, ఆ పాటల్లో ఇప్పుడు ఎన్ని మిగిలాయి అని అడగాలి.

పదాలు – అర్థాలు

ప్రజ్ఞాలబ్ధి : మేధాశక్తిని తెలిపే అంకె
ఉష్ణమాపకం : దేహపు వేడిని కొలిచే సాధనం
చిత్తవైకల్యం : జ్ఞాపకం, ఆలోచన క్షీణించే వ్యాధిస్థితి
సహసంబంధం : రెండు విషయాలు కలిసి పెరగడం, తగ్గడం
ఊనిక : పదంలో ఒక అక్షరాన్ని ఒత్తి పలకడం
దంత్యం : నాలుక దంతాలను తాకగా పుట్టే ధ్వని
తాలవ్యం : నాలుక అంగిలిని తాకగా పుట్టే ధ్వని
వైపరీత్యం : నియమానికి విరుద్ధమైన స్థితి

ప్రశ్నలు

1. ఉష్ణమాపకానికీ ప్రజ్ఞామాపనానికీ గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. నియమం తప్పిన పదాలనే పరీక్షకు ఎందుకు ఎంచుకొన్నారు?
3. స్కాట్లండ్‌లో 1932లో జరిగిన పరీక్ష ఈ శాస్త్రానికి ఎట్లా తోడ్పడింది?
4. ఒక రోగి నార్ట్ పరీక్షలో ఇరవై పదాలు తప్పు చదివాడు. 1991 నాటి సూత్రం ప్రకారం అతని పూర్వపు ప్రజ్ఞాలబ్ధిని లెక్కగట్టండి.
5. తెలుగులో ఇటువంటి పరీక్షను రూపొందించడం ఎందుకు కష్టం? 'చిహ్నం', 'చలి' అనే ఉదాహరణలతో చర్చించండి.
6. మీ ఇంటిలోని లేదా మీ ఊరిలోని, చదవడం రాని ఒక పెద్దమనిషి నైపుణ్యాన్ని గురించి పదిహేను వాక్యాలలో రాయండి.